కొత్త బ్యాక్టీరియా దొరికిందా? పేరు పెట్టే ముందు చేయాల్సిన పనులు

ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు పరుగున వచ్చి చెప్పే మాట ఒకటుంది. "అన్నా, బ్లాస్ట్‌లో 97 శాతమే మ్యాచ్ అయింది, ఇది కొత్త జాతే!" (బ్లాస్ట్ అంటే మన బ్యాక్టీరియా సీక్వెన్స్‌ని, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరుసని, ఇప్పటికే తెలిసినవాటితో పోల్చే కంప్యూటర్ వెతుకులాట.) అప్పటికే వాళ్ల ఊరి పేరో గైడ్ పేరో కలిపి ఒక లాటిన్ పేరు నోట్‌బుక్ చివరి పేజీలో రాసేసుకుని ఉంటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేనూ అదే చేశాను కాబట్టి నవ్వే హక్కు నాకు పెద్దగా లేదు, నా మొదటి "కొత్త జాతి" తీరా చూస్తే ఒకే ప్లేట్ మీద కాపురం పెట్టిన రెండు పాత బ్యాక్టీరియాలు.

మనిషి పేగుల్లో, నోట్లో, చర్మం మీద పేరు పెట్టని బ్యాక్టీరియాలు ఇంకా బోలెడున్నాయి, ఓపిక ఉంటే దొరుకుతాయి. అసలు తిప్పలు ఆ తర్వాత మొదలవుతాయి. దాని చుట్టాలు ఎవరో వెతికి, వాళ్లందరినీ పక్కన నిలబెట్టి, ఇది వాళ్లలో ఎవరూ కాదని చూపించాలి. అందుకే నా సలహా ఏంటంటే చేతిలో ఉన్నది పాతదే అనుకుని మొదలుపెట్టండి, అది పాతదే అని నిరూపించడానికి నిజాయితీగా ప్రయత్నించండి, అన్ని దారులూ మూసుకుపోయాక అప్పుడు కొత్తది అనండి.

చెప్పేటప్పుడు ఒక ఉదాహరణ చేతిలో ఉంటే బాగుంటుంది కాబట్టి అక్కర్‌మాన్సియా మ్యూసినిఫిలా అనే పేగు బ్యాక్టీరియాని పట్టుకుందాం. 2004లో నెదర్లాండ్స్‌లోని వాగనింగెన్‌లో మ్యూరియల్ డెరియన్, విల్లెం డి వోస్ బృందం ఆరోగ్యంగా ఉన్న ఒక మహిళ మలం నుంచి దీన్ని వేరు చేసి పేరు పెట్టారు. ఇప్పుడు దాని పేరుతో ప్రోబయోటిక్ డబ్బాలు అమ్ముతున్నారు గానీ ఆ కథ మనకొద్దు, దాన్ని ఎలా పట్టుకున్నారన్నదే మనకు కావాల్సింది.

శాంపిల్ కన్నా ముందు కాగితాలు

బోర్‌గా ఉంటుంది, కానీ ఇక్కడ తప్పితే రెండేళ్ల పని మూలకు పడుతుంది. మనిషి నుంచి మలం, ఉమ్మి, చీము, స్వాబ్ ఏది తీసుకున్నా మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి, ఇచ్చినవాళ్ల సంతకం ఉన్న సమ్మతి పత్రం ఉండాలి. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చూసుకోండి. సమ్మతి పత్రంలో "ఈ శాంపిల్ నుంచి వేరు చేసిన సూక్ష్మజీవులను కల్చర్ కలెక్షన్లలో దాస్తాం, వేరే దేశాలకూ పంపుతాం" అన్న వాక్యం ఉందో లేదో మొదటిరోజే చూడండి (కల్చర్ అంటే పెంచిన బ్యాక్టీరియా, అలాంటివి దాచే బ్యాంకులే కల్చర్ కలెక్షన్లు). చివర్లో అదే అవసరమవుతుంది, అప్పుడు ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లలేరు. శాంపిల్ మీద పేరు రాయకండి, కోడ్ నంబర్ రాయండి. ఇంకో సంగతి, మనిషి నుంచి వచ్చిందంటే అందులో రోగకారకం ఉండొచ్చు, కాబట్టి బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరవండి, పాతకాలం వాళ్లలా ప్లేట్ మూత తీసి వాసన చూసే అలవాటుంటే మానుకోండి.

పెంచడం

పేగు బ్యాక్టీరియాలో చాలావాటికి ఆక్సిజన్ అంటే విషం. శాంపిల్ డబ్బాలోకి వచ్చిన క్షణం నుంచే కొన్ని చనిపోవడం మొదలవుతుంది, కాబట్టి సాయంత్రం చూద్దాంలే అని ఫ్రిజ్‌లో పెడితే మిగిలేవి అందరికీ తెలిసిన గట్టి పిండాలే. వీలైనంత త్వరగా ఆక్సిజన్ లేని చాంబర్‌లోకి తీసుకెళ్లాలి. మామూలుగా అందులో 85 శాతం నైట్రోజన్, 10 శాతం కార్బన్ డయాక్సైడ్, 5 శాతం హైడ్రోజన్ ఉంటాయి, లోపల మిగిలిన కాస్త ఆక్సిజన్‌ని హైడ్రోజన్‌తో కలిపి నీళ్లుగా మార్చడానికి పల్లాడియం ఉత్ప్రేరకం ఉంటుంది. మీడియంలో రెసాజురిన్ అనే రంగు కొంచెం కలపండి. మీడియం గులాబీ రంగులోకి తిరిగిందంటే ఆక్సిజన్ దూరినట్టు, రంగు లేకుండా ఉంటే సేఫ్. ప్లేట్లు ముందురోజు రాత్రే చాంబర్‌లో పెట్టి ఉంచండి, ఎందుకంటే అగార్ కూడా ఆక్సిజన్‌ని పట్టుకుని కూర్చుంటుంది. ఈ చిన్న విషయం ఎవరూ చెప్పరు, మొదటి నెలంతా ఖాళీ ప్లేట్లు చూసుకున్నాక తెలుస్తుంది.

ఏ మీడియం వాడాలి? ఇక్కడే తెలివి కావాలి. అందరూ వాడే మీడియంలో అందరికీ దొరికేదే దొరుకుతుంది. వాగనింగెన్ వాళ్లు ఏం చేశారంటే పేగు గోడ మీద ఉండే జిగురు పొర, అంటే మ్యూసిన్, దాన్ని తిని బతికేది ఎవరు అని అడిగారు. మీడియంలో కార్బన్‌కి, నైట్రోజన్‌కి మ్యూసిన్ తప్ప ఇంకేమీ పెట్టలేదు. మలాన్ని పదింతలు, మళ్లీ పదింతలు పలచన చేసుకుంటూ పోయి, బాగా పలచనైన గొట్టంలో కూడా పెరిగినదాన్ని పట్టుకున్నారు. పలచన చేయడంలో కిటుకు ఏంటంటే సంఖ్యలో తక్కువున్నవి దారిలోనే రాలిపోతాయి, చివరి గొట్టంలో ఉన్నది ఆ తిండి మీద నిజంగా బతికే దండు.

ఇంకో దారి బ్రూట్‌ఫోర్స్. ఫ్రాన్స్‌లో మార్సేయ్ బృందం 2012లో 212 రకాల కల్చర్ పరిస్థితులు ప్రయత్నించి 340 జాతులు పెంచింది, అందులో 31 కొత్తవి. రక్తం కలిపిన సీసాలు, పశువుల నెమరు కడుపులోని రసం, రకరకాల వేడి, గాలి, ఒక్కటీ వదల్లేదు. మన దగ్గర అంత మంది మనుషులు ఉండరు కాబట్టి రెండు మూడు దారులు ఎంచుకోవడం మేలు. నాకు ఇష్టమైనది ఆల్కహాల్ ట్రిక్: శాంపిల్‌ని 70 శాతం ఇథనాల్‌లో నాలుగు గంటలు ఉంచితే మామూలు కణాలన్నీ చస్తాయి, స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపాలు, మాత్రం మిగులుతాయి, తర్వాత 0.1 శాతం సోడియం టారోకోలేట్ అనే పిత్త లవణం కలిపిన ప్లేట్ మీద వేస్తే అవి నిద్ర లేస్తాయి. కేంబ్రిడ్జ్ దగ్గరున్న శాంగర్ సంస్థ వాళ్లు 2016లో ఇలాగే చాలా కొత్తవి బయటికి తీశారు.

ఓపిక గురించి ఒక్క కథ. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియాని బారీ మార్షల్, రాబిన్ వారెన్ పెర్త్‌లో పెంచాలని చూసినప్పుడు మొదటి ముప్పై మందికి పైగా రోగుల శాంపిళ్లలో ఏమీ రాలేదు. ఆ రోజుల్లో రెండు రోజులు చూసి ప్లేట్ పారేయడం ల్యాబ్ అలవాటు. 1982 ఈస్టర్ సెలవులు వచ్చాయి, ప్లేట్లు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి, తిరిగొచ్చి చూస్తే కాలనీలు. 2005లో నోబెల్. మీ ప్లేట్లని కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఉంచండి, ఎండిపోకుండా తడి ఉన్న డబ్బాలో పెట్టి.

ఒక్కటే ఉందా?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను మునిగింది ఇక్కడే. లూప్‌తో, అంటే చివర చిన్న రింగున్న తీగతో, ఒక కాలనీ తీసి కొత్త ప్లేట్ మీద గీతలు గీస్తాం, లూప్‌ని కాల్చి చల్లార్చి (వాడిపారేసేదైతే మార్చి) మొదటి గీతల చివర నుంచి ఇంకో వైపుకి గీస్తాం, మళ్లీ ఇంకో వైపుకి. చివరి గీతల్లో కాలనీలు ముగ్గు చుక్కల్లా విడివిడిగా పడాలి. అందులో ఒకటి తీసి మళ్లీ ఇదే పని. కనీసం మూడు సార్లు. ప్రతిసారీ ప్లేట్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని లెన్స్‌తో చూడండి. నా ప్లేట్ మీద తెల్లగా, అంచు నున్నగా, గసగసాల గింజంత కాలనీలు ఉండేవి, అన్నీ ఒకేలా. ఐదో రోజున ఒక దాని అంచు కింద నుంచి పలచటి పొర లాంటిది బయటికి పాకుతూ కనిపించింది. నేను అది ఆ కాలనీ "స్వభావం" అనుకుని వర్ణనలో కూడా రాసుకున్నాను. అది ఇంకో బ్యాక్టీరియా. పెద్దది వదిలేసిన ఏదో పదార్థం తిని బతికే చిన్నది, విడిగా పెంచితే రాదు, అందుకే మూడు సార్లు గీసినా వెంట వచ్చింది.

దాన్ని పట్టిచ్చింది సీక్వెన్స్ గ్రాఫ్, అంటే డీఎన్‌ఏ అక్షరాలని శిఖరాలుగా చూపించే బొమ్మ. ఒక్కో చోట ఒక్క శిఖరం ఉండాల్సింది, రెండు శిఖరాలు ఒకదానిమీద ఒకటి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఏదో ఒక అక్షరం ఎంచుకుని నాకు శుభ్రమైన టెక్స్ట్ ఫైల్ ఇచ్చేసింది, అలా ఎంచుకున్న అక్షరాల వల్ల ఎవరితోనూ సరిగ్గా కలవని సీక్వెన్స్ తయారైంది, నాకేమో కొత్త జాతి కనిపించింది. అందుకే టెక్స్ట్ ఫైల్ నమ్మకండి, గ్రాఫ్ తెరిచి కళ్లతో చూడండి.

శుద్ధంగా వచ్చింది అని నమ్మకం కుదిరిన రోజే 20 శాతం గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల్లో కనీసం ఐదారు గొట్టాలు దాచండి, అందులో రెండు వేరే ఫ్రీజర్‌లో.

మొదటి వడపోత

గ్రామ్ స్టెయిన్ చేయండి, అంటే రంగులు వేసి కణం గోడ ఏ రకమో చూడటం (ఊదా రంగైతే పాజిటివ్, ఎర్రగా ఉంటే నెగటివ్), కానీ తాజా కల్చర్‌తో. క్లోస్ట్రిడియమ్ లాంటివి కాస్త ముదిరితే గ్రామ్ పాజిటివ్ అయ్యుండీ ఎర్రగా కనిపించి మోసం చేస్తాయి. అనుమానం వస్తే స్లైడ్ మీద 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, అందులో కాలనీని అర నిమిషం కలిపి లూప్‌ని మెల్లగా పైకెత్తండి. బెండకాయ జిగురులా తీగ సాగితే గ్రామ్ నెగటివ్, నీళ్లలా ఉండిపోతే పాజిటివ్. గోడ పగిలి డీఎన్‌ఏ బయటికి రావడం వల్ల వచ్చే జిగురు అది. కెటలేజ్ అనే ఎంజైమ్ ఉందో లేదో చూసే పరీక్షకి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కాలనీ పెడితే బుడగలు రావాలి, కానీ రక్తం కలిపిన అగార్ నుంచి గీరి తీస్తే ఎర్ర రక్తకణాల్లో ఉండే కెటలేజ్ వల్ల కూడా బుడగలొస్తాయి, జాగ్రత్త.

దగ్గర్లో ఏ ఆసుపత్రి ల్యాబ్‌లోనైనా మాల్డీ-టాఫ్ (ప్రొటీన్లని బట్టి బ్యాక్టీరియాని గుర్తుపట్టే మిషన్) ఉంటే ఒకసారి పెట్టించుకోండి. టూత్‌పిక్‌తో కాలనీ కాస్త పూసి, ఫార్మిక్ యాసిడ్, మ్యాట్రిక్స్ వేసి ఆరబెడితే నిమిషాల్లో ప్రొటీన్ల ముద్ర వస్తుంది. బాగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం స్కోర్ 2.0 దాటితే జాతి దాకా నమ్మొచ్చు, 1.7కి తక్కువైతే గుర్తు పట్టలేదని అర్థం. గుర్తు పట్టలేదంటే కొత్తదని కాదు, ఆ మిషన్ డేటాబేస్‌లో లేదని, అంతే. ఆ డేటాబేస్‌లు ప్రధానంగా రోగాలు తెచ్చేవాటితో నిండి ఉంటాయి, పేగులో బుద్ధిగా కూర్చునేవాటికి అందులో చోటు తక్కువ.

16ఎస్: ఇంటిపేరు తెలుస్తుంది

16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉంటుంది, పొడవు సుమారు 1,500 అక్షరాలు. 1977లో కార్ల్ వోజ్, జార్జ్ ఫాక్స్ ఈ ఆర్‌ఎన్‌ఏని పోల్చే జీవవృక్షాన్ని తిరగరాశారు. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో (జన్యువు రెండు చివర్లా అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పీసీఆర్ చేసి ఆ జన్యువుకి కాపీలు తీస్తే జెల్ మీద ఒకటిన్నర కిలోబేస్ దగ్గర ఒక్క గీత రావాలి. రెండు వైపుల నుంచీ సీక్వెన్స్ చేయించండి, ఒక్క వైపు చదివిన 700 అక్షరాలతో జాతి గురించి మాట్లాడకండి. రెండు చివర్లలో పిచ్చిగా ఉన్న భాగం కత్తిరించి, మధ్యలో కలిపితే 1,400 పైన అక్షరాలు మిగలాలి.

ఇప్పుడు పోల్చడం. మామూలు బ్లాస్ట్ కొడితే పైన వచ్చేవి సగం "పెంచని బ్యాక్టీరియా, క్లోన్ ఫలానా" అని ఉంటాయి, వాటితో మనకు పనిలేదు. టైప్ స్ట్రెయిన్‌తోనే పోల్చాలి. ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఇదిగో ఇదీ ఆ పేరుకి ఆధారం అని దాచిన ప్రత్యేకమైన కల్చర్‌ని టైప్ స్ట్రెయిన్ అంటారు. బ్లాస్ట్‌లో టైప్ మెటీరియల్ మాత్రమే చూపించమనే టిక్ ఉంటుంది, అది పెట్టండి, లేదా ఈజెడ్‌బయోక్లౌడ్ అనే వెబ్‌సైట్‌లో వెతకండి. ఇప్పుడు వచ్చే శాతం మీద కొంత మాట్లాడొచ్చు. ఒకప్పుడు 97 శాతం కన్నా తక్కువైతే కొత్త జాతి అనేవారు, ఇప్పుడు 98.7 శాతం దగ్గర గీత గీస్తున్నారు. 94.5 కన్నా తక్కువైతే ప్రజాతే, అంటే జాతుల పై గుంపే, కొత్తది కావచ్చు. అక్కర్‌మాన్సియాకి దగ్గరి చుట్టం వెరుకోమైక్రోబియమ్ స్పైనోసమ్, అదీ 92 శాతమే. అందుకే వాళ్లు జాతితో పాటు ప్రజాతినీ కొత్తగా ప్రతిపాదించారు.

బ్యాక్టీరియా పేర్లు మన పేర్లలాగే, ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. 16ఎస్ ఇంటిపేరు దాకా బాగా చెప్తుంది, సొంత పేరు దగ్గర తడబడుతుంది. న్యుమోనియా తెచ్చే స్ట్రెప్టోకాకస్ న్యుమోనియేకి, మన నోట్లో మామూలుగా ఉండే స్ట్రెప్టోకాకస్ మైటిస్‌కి 16ఎస్ 99 శాతానికి పైగా ఒకటే. కాబట్టి 98.7 కన్నా తక్కువ వస్తే కొత్తదయ్యే అవకాశం బాగా ఉంది, ఎక్కువ వస్తే పాతదని తేలిపోయినట్టు కాదు, రెండు సందర్భాల్లోనూ జీనోమ్ దాకా వెళ్లాల్సిందే.

జీనోమ్: తీర్పు ఇక్కడ

ఇప్పుడు జీనోమ్, అంటే జీవి మొత్తం డీఎన్‌ఏ సీక్వెన్స్, లేకుండా కొత్త జాతి అని రాస్తే జర్నల్ వాళ్లు తిప్పి పంపేస్తారు. సీక్వెన్సింగ్ కనీసం 50 రెట్లు లోతుగా, అంటే ఒక్కో అక్షరాన్ని సగటున 50 సార్లు చదివేలా, ఉండాలని చూసుకోండి. చదివిన ముక్కల్ని అతికించే పని (అసెంబ్లీ) అయ్యాక చెక్ఎమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెట్టి అది ఎంత పూర్తిగా ఉంది, అందులో వేరే జీవి డీఎన్‌ఏ ఎంత కలిసింది చూడండి. కలుషితం 5 శాతం దాటితే వెనక్కి, గీతలు గీసే ప్లేట్ దగ్గరికి. తర్వాత జీనోమ్ లోంచి 16ఎస్ తీసి, ముందు చేయించిన దానితో కలుస్తుందో లేదో చూడాలి. ఇది రెండు నిమిషాల పని, చాలామంది చేయరు, గొట్టాలు మారిపోయిన కేసులు ఇక్కడే దొరుకుతాయి.

తర్వాత ఏఎన్‌ఐ, అంటే రెండు జీనోమ్‌ల అక్షరాల సగటు పోలిక. మీ జీనోమ్‌ని సుమారు వెయ్యి అక్షరాల ముక్కలుగా కోసి, చుట్టం జీనోమ్‌లో ఒక్కో ముక్క ఎక్కడ కలుస్తుందో వెతికి, కలిసిన వాటి పోలిక సగటు తీస్తారు. 95-96 శాతం కన్నా తక్కువ ఉంటే వేరే జాతి. దీనికి తోడుగా డిజిటల్ డీడీహెచ్ (డీఎన్‌ఏ-డీఎన్‌ఏ హైబ్రిడైజేషన్) అని ఒకటి, అందులో గీత 70 శాతం. ఈ 70 ఎక్కడిదంటే, 1987లో ఒక కమిటీ, రెండు బ్యాక్టీరియాల డీఎన్‌ఏలని నిజంగానే విడదీసి, కలిపి, ఎంత అతుక్కుంటుందో కొలిచే ప్రయోగానికి పెట్టిన హద్దు. ఆ ప్రయోగం చేసినవాళ్లని అడిగితే ఆ బాధ చెప్తారు, ఒకే శాంపిల్ రెండుసార్లు చేస్తే రెండు అంకెలు. ఇప్పుడు అదే లెక్కని కంప్యూటర్‌లో చేస్తున్నాం. జర్మనీలోని డీఎస్‌ఎమ్‌జెడ్ అనే కల్చర్ కలెక్షన్ వాళ్ల టీవైజీఎస్ వెబ్‌సైట్‌లో జీనోమ్ ఎక్కిస్తే దగ్గరి టైప్ స్ట్రెయిన్లని అదే వెతికి, డీడీహెచ్ లెక్కకట్టి, చుట్టరికాల చెట్టు కూడా గీసి ఇస్తుంది, డబ్బు అక్కర్లేదు. మూడు రకాల ఫార్ములాల అంకెలు వస్తాయి, జీనోమ్ ముక్కలుగా ఉంటే డీ4 అన్నది తీసుకోండి.

అంకె 95.3 అని వస్తే? అప్పుడే అసలు టెన్షన్. ఏఎన్‌ఐ ఒకటి చెప్పి డీడీహెచ్ ఇంకోటి చెప్పొచ్చు. అలాంటప్పుడు ఒక్క స్ట్రెయిన్‌తో వాదించకండి, వేరే మనుషుల నుంచి అదే రకం ఇంకా రెండు మూడు పట్టుకోండి. అవన్నీ ఒక గుంపుగా కూర్చుని, చుట్టాలు ఇంకో గుంపుగా కూర్చుంటే చెట్టులో తేడా కనిపిస్తుంది. అక్కర్‌మాన్సియాలోనే ఇది జరిగింది, మనుషుల పేగుల్లో దొరికినవన్నీ చాలా ఏళ్లు మ్యూసినిఫిలా అనుకున్నారు, జీనోమ్‌లు పక్కపక్కన పెట్టాక వాటిలో కొన్ని వేరే జాతులని తేలి మాసిలియెన్సిస్ లాంటి కొత్త పేర్లు వచ్చాయి. హద్దులు కూడా దేవుడు గీసినవి కావు. ఈ లెక్కన ఈ.కోలై, షిగెల్లా ఒకే జాతి కావాలి, కానీ డాక్టర్లు అయోమయపడతారని రెండు ప్రజాతులుగా అలాగే ఉంచారు.

ఇది ఎలా బతుకుతుంది?

జీనోమ్ వచ్చింది కదా ఇంకా ఈ పరీక్షలు ఎందుకని కొందరు విసుక్కుంటారు. నాకైతే ఇవి ఉండాలనే అనిపిస్తుంది, అంకెలు మాత్రమే ఉన్న వర్ణన చదివితే ఆ జీవి ఎలా ఉంటుందో తెలియదు. కణం ఆకారం, కొలత, కదులుతుందా, స్పోర్ కడుతుందా, ఏ వేడిలో, ఏ పీహెచ్‌లో, ఎంత ఉప్పులో పెరుగుతుంది, ఏ చక్కెరలు తింటుంది, ఏ ఆమ్లాలు వదులుతుంది. అక్కర్‌మాన్సియా వర్ణనలో కోడిగుడ్డు ఆకారం, గ్రామ్ నెగటివ్, 20 నుంచి 40 డిగ్రీల మధ్య పెరుగుదల, 37లో బాగా, పీహెచ్ 5.5 నుంచి 8.0, అందులో 6.5 ఇష్టం, డీఎన్‌ఏ అక్షరాల్లో జీ, సీ కలిపి 47.6 శాతం అని ఉంటుంది. వీటికి తోడు కణపొరలోని కొవ్వు ఆమ్లాలు, క్వినోన్లు, పోలార్ లిపిడ్లు, వీటిని మామూలుగా సర్వీస్ ల్యాబ్‌కి పంపించి చేయించుకుంటాం.

ఒక్క షరతు మాత్రం మర్చిపోవద్దు. దగ్గరి చుట్టాల టైప్ స్ట్రెయిన్లు తెప్పించి, అదే మీడియం, అదే వేడి, అదే రోజు, మీ దానితో పాటు పెంచి పరీక్షించాలి. పదేళ్ల కిందటి పేపర్‌లోంచి వాళ్ల అంకెలు తెచ్చి మీ పట్టికలో పెడితే కుదరదు, కొవ్వు ఆమ్లాలైతే వేడి మారితేనే మారిపోతాయి. టైప్ స్ట్రెయిన్లు ఎండబెట్టిన పొడిగా గాజు ఆంపూల్‌లో వస్తాయి, విదేశం నుంచైతే అనుమతులకే నెలలు పడుతుంది. 16ఎస్ ఫలితం వచ్చిన రోజే ఆర్డర్ పెట్టేయండి, జీనోమ్ దాకా ఆగకండి.

ఇప్పుడు పేరు

పేరు లాటిన్ వ్యాకరణం ప్రకారం ఉండాలి, లింగం కలవాలి. అక్కర్‌మాన్సియా అన్నది డచ్ శాస్త్రవేత్త అంటూన్ అక్కర్‌మాన్స్ పేరు మీద పెట్టిన స్త్రీలింగ పదం, కాబట్టి వెనక వచ్చేదీ మ్యూసినిఫిలా అయింది, "మ్యూసిన్ అంటే ఇష్టపడేది" అని అర్థం. మాసిలియెన్సిస్ అంటే మాసిలియా ఊరిది, మార్సేయ్‌కి రోమన్ల కాలం పేరు అది. వ్యాకరణం తప్పితే ఏమవుతుందో హెలికోబాక్టర్‌ని అడగండి. ముందు క్యాంపిలోబాక్టర్ పైలోరిడిస్ అన్నారు, ఆ విభక్తి తప్పని 1987లో పైలోరి చేశారు, 1989లో ఇది క్యాంపిలోబాక్టరే కాదని ఇంటిపేరు కూడా మార్చారు. మీ పేరు మీరే పెట్టుకోవడం మర్యాద కాదు. మనవాళ్ల పేర్లూ ఉన్నాయి: 2005లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ స్ట్రాటోస్ఫియర్ నుంచి తెచ్చిన గాలిలో దొరికినదానికి అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థకి చెందిన శివాజీ బృందం 2009లో ఆర్యభట్ట పేరు పెట్టింది. మనిషి శాంపిల్ నుంచైతే పుణె వాళ్లు మలం నుంచి తీసిన మెగాస్ఫేరా ఇండికా ఉంది, 2014లో. పేరు ఖాయం చేసుకునే ముందు బ్యాక్టీరియా పేర్ల జాబితా ఉండే ఎల్‌పీఎస్‌ఎన్ వెబ్‌సైట్‌లో వెతకండి, ఆ పేరు ఎవరైనా వాడేశారేమో, అలాగే మీ జీవినే ఎవరైనా ఈలోపు ప్రచురించేశారేమో. నాకు తెలిసిన ఒకాయన నాలుగు నెలలు పట్టికలు తయారుచేశాక ఇదే బ్యాక్టీరియా వేరే దేశంలో అప్పటికే పేరు పెట్టించుకుని కూర్చుందని చూశాడు.

పేరు చెల్లాలంటే రెండు దారులు. బ్యాక్టీరియా పేర్లకి అధికారిక జర్నల్ అయిన ఐజెఎస్‌ఈఎంలో ప్రచురించాలి, లేదా వేరే చోట ప్రచురించి ఆ జర్నల్‌లో వచ్చే వ్యాలిడేషన్ లిస్టులోకి ఎక్కించాలి. ఏ దారైనా టైప్ స్ట్రెయిన్‌ని రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ కలెక్షన్లలో పెట్టాలి, అడిగినవాళ్లకి ఇచ్చేలా ఉండాలి. చండీగఢ్ ఎమ్‌టీసీసీలో ఒకటి, పుణె ఎన్‌సీఎమ్‌ఆర్‌లో ఒకటి పెట్టి రెండయ్యాయి అనుకునేవాళ్లు ఉన్నారు, రెండూ ఒకే దేశం, కాబట్టి కుదరదు. జర్మనీ డీఎస్‌ఎమ్‌జెడ్, జపాన్ జేసీఎమ్, కొరియా కేసీటీసీ, స్వీడన్ సీసీయూజీ లాంటి వాటిలో ఒకటి కావాలి. మన దేశం నుంచి పంపాలంటే జీవవైవిధ్య చట్టం సంగతి చూసుకోవాలి, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకి ఏ ఫారం పెట్టాలో మీ సంస్థ ఆఫీసులో ముందే కనుక్కోండి, పేపర్ రాయడం అయ్యాక మొదలుపెడితే పేపర్ డ్రాయర్‌లో కూర్చుంటుంది. పెంచలేకపోతే, జీనోమ్ మాత్రమే ఉంటే? క్యాండిడేటస్ అని ముందు చేర్చి తాత్కాలికంగా పిలవొచ్చు, లేదా 2022లో వచ్చిన సీక్‌కోడ్ అనే పేర్ల నియమావళి కింద జీనోమ్‌నే ఆధారంగా పెట్టి నమోదు చేసుకోవచ్చు.

పార్సిల్ గురించి కూడా చెప్పాలి. మేము విదేశీ కలెక్షన్‌కి పంపిన మొదటి కల్చర్ వాళ్ల దగ్గర లేవలేదు. ప్లేట్ మీద పెరిగినదాన్ని చుట్టూ సీల్ వేసి, ఐస్ ప్యాక్‌లతో పంపాం, ఆక్సిజన్ పడని జీవి దారిలోనే పోయింది. "కల్చర్ బతకలేదు, మళ్లీ పంపండి" అని రెండు లైన్ల మెయిల్. రెండోసారి మూత గట్టిగా బిగించిన, లోపల నైట్రోజన్ నింపిన గొట్టాల్లో, ఉడికించిన మాంసం మీడియంలో పంపాం, దానితో పాటు ఏ మీడియంలో ఎన్ని రోజులు ఉంచాలో, ఏ రోజు నుంచి కాలనీ కనిపిస్తుందో ఒక కాగితం రాసి పెట్టాం. ఆరు వారాలకు సర్టిఫికెట్ వచ్చింది. దాని మీదున్న నంబర్‌ని పేపర్‌లో ఖాళీగా వదిలిన చోట నింపి, ఆ సాయంత్రమే సబ్మిట్ కొట్టాం.